పట్టాలు తీసిన దారిలో సైకిలు బాట

(గ్రామ పంచాయతీ సభ్యుల శిక్షణ తరగతిలో చేసిన ప్రసంగ పాఠము)



ఊరికి మంచి బాట కావలెనని కోరని పంచాయతీ లేదు. మన తీర్మానముల పుస్తకములు తిరుగవేసినచో త్రాగునీటి తరువాత ఎక్కువ పుటలు బాటలకే పోయినట్లు కనబడును. అయితే బాట యనగానే మనకు లారీ పోవు బాటయు, బస్సు పోవు బాటయు తలపునకు వచ్చును. ఏ మోటారు బండికిని చోటు లేక, కాలినడకవారికిని సైకిళ్లకును మాత్రమే విడిచిన బాట ఊరిని బాగుచేయగలదా యని ఎవరైనను అడిగినచో మనము నవ్వి ఊరకుందుము. అట్టి బాట యొకటి దూరదేశమున ఒక పేదసీమకు ఎట్లు ఆసరాయైనదో, దానినుండి మనము గ్రహింపదగినది ఏదో, గ్రహింపరానిది ఏదో నేడు మీకు విన్నవింపదలచితిమి.

సముద్రము ఒక వైపు, కొండలు ఒక వైపు

ఐరోపా ఖండపు పడమటి కొసను ఐర్లండు ద్వీపము కలదు. ఆ ద్వీపమునకు మరల పడమటి అంచున మేయో అను కౌంటీ యున్నది. కౌంటీ యన్న మన జిల్లావంటిది. దాని పాలనకు ప్రజలెన్నుకొన్న కౌంటీ కౌన్సిలు కలదు. మేయోలో వెస్ట్‌పోర్టు అను చిన్న పట్టణమునుండి న్యూపోర్టు, మల్రానీ గ్రామముల మీదుగా అకిల్ వరకు 42 కిలోమీటర్ల సైకిలు బాట పోవుచున్నది. దాని పేరు గ్రేట్ వెస్టర్న్ గ్రీన్‌వే. గ్రీన్‌వే యన్న మాటకు పచ్చబాట యని అర్థము చెప్పుకొనవచ్చును.

ఈ బాటపై పోవువారికి ఒక వైపున క్లూ అఖాతము కనబడును. అందులో ఏడాదికెన్ని దినములో అన్ని దీవులున్నవని అచ్చటివారు చెప్పుకొందురు. అఖాతమునకు ఆవల 764 మీటర్ల ఎత్తున క్రోగ్ పాట్రిక్ అను పుణ్యశిఖరము నిలిచియుండును. ప్రతి సంవత్సరము జూలై మాసపు చివరి ఆదివారమున వేలాది భక్తులు ఆ కొండ నెక్కుదురు. ఇంకొక వైపున నెఫిన్ బెగ్ కొండల వరుస పోవుచుండును. నడుమ గొఱ్ఱెలు మేయు బీళ్లు, రాతిగోడల చిన్న చిన్న కమతములు, నల్లని పీటు నేలలు. ఆ నేలను ఇటుకలవలె కోసి ఎండబెట్టి వంటచెరకుగా వాడుకొనుట అచ్చటివారికి తరతరముల వాడుక.

ఇంత కొండసీమలో చిన్నపిల్లలును, వయసు మళ్ళినవారును సైకిలు త్రొక్కగలుగుచున్నారన్న ఆశ్చర్యము కలుగవచ్చును. దానికి కారణము సులభము. ఈ బాట యొకప్పటి రైలు కట్ట. ఆవిరి యంత్రము నిటారైన ఎక్కుడును లాగలేదు. అందుచేత ఆనాటి ఇంజనీర్లు గుట్టలను కోసి, పల్లములను పూడ్చి, వాగులపై వంతెనలు కట్టి, దారిని ఇంచుమించు చదునుగా తీసికొనిపోయిరి. ఆవిరి యంత్రమునకై పడిన ఆ శ్రమ నేడు సైకిలు త్రొక్కువాని మోకాళ్లకు లాభమైనది.

ఆ రైలు దారి కథ

అకిల్ సీమ రాతినేల. కమతములు మిక్కిలి చిన్నవి. బంగాళాదుంప తప్ప వేరు పంట తగినంత పండదు. కనుక వేసవి రాగానే ఆడ, మగ, పిల్ల యనక కూలివారు పడవ లెక్కి స్కాట్లండు దేశమునకు పోయి, అచ్చటి రైతుల పొలములలో దుంపలు త్రవ్వి, ఆ కూలితో ఇంటి అప్పులు తీర్చుకొనుచుండిరి. మన శ్రీకాకుళమునుండియు, పాలమూరునుండియు కూలికై దూరప్రాంతములకు పోవు కుటుంబములను ఎఱిగిన మీకు ఆ జీవితమును వేరుగ వర్ణింప నక్కఱలేదు.

ఇట్టి బీదసీమలకు పనియు, మార్కెట్టును కల్పింపవలెనని 1889లో చేసిన ఒక చట్టము క్రింద ప్రభుత్వము రైలు దారులకు ధనసహాయము చేసెను. ఆ సహాయముతో వెస్ట్‌పోర్టునుండి అకిల్ వరకు దారి వేయబడినది. 1894లో రైలు న్యూపోర్టునకును, మల్రానీకిని చేరెను. 1895లో అకిల్ చేరెను. మల్రానీలో రైల్వే కంపెనీవారు యాత్రికులకై 1897లో ఒక హోటలు తెఱచిరి. న్యూపోర్టు వద్ద ఏటిపై ఎఱ్ఱరాతితో ఏడు కమానుల వంతెన కట్టిరి. అది నేటికిని చెక్కు చెదరక నిలిచియున్నది.

ఆ దారిని గూర్చి ఆ సీమలో ఒక విషాదగాథ కలదు. ఇనుప చక్రముల బండ్లు అకిల్‌కు వచ్చుననియు, మొదటి బండియు చివరి బండియు శవములను మోసికొని వచ్చుననియు పూర్వమొక జోస్యుడు చెప్పెనట. జోస్యము మాట యెట్లున్నను, జరిగిన సంగతులు మాత్రము చరిత్రలో కలవు. 1894 జూన్ 14వ తేదీన స్కాట్లండు పోవు స్టీమరు నెక్కుటకై అకిల్‌నుండి నూరుమందికి పైగా కూలివారు తెరచాప పడవలో వెస్ట్‌పోర్టు రేవునకు వచ్చుచుండిరి. స్టీమరు కనబడగానే అందఱు ఒక్క ప్రక్కకు ఒరిగి చూడబోవ, పడవ తలక్రిందులాయెను. ముప్పదిమందికి పైగా మునిగి మరణించిరి. దారి ఇంకను ప్రజలకు తెఱవకముందే, వారి శవములను ఇంటికి చేర్చుటకు ప్రత్యేకముగ రైలు నడిపిరి. మరల 1937 సెప్టెంబరు 16వ తేదీన స్కాట్లండులోని కిర్కింటిలాక్ వద్ద కూలివారు పండుకొన్న పాకకు నిప్పంటుకొని అకిల్ యువకులు పదిమంది కాలిపోయిరి. వారి శవములును ఆ రైలు దారిమీదనే ఊరు చేరినవి. ఆ నెల ముగియునప్పటికి రైలు దారియే మూతపడెను.

సభ్యులారా, ఈ కథ చెప్పుటలో మా ఉద్దేశ మొకటి కలదు. ఆ దారి నలువది రెండేండ్లు నడిచినను కూలివారి వలస ఆగలేదు. బాట వేసినంతమాత్రమున ఊరు బాగుపడదు. బాటమీద పోవు సంపద ఊరిలో దిగినప్పుడే ఊరు బాగుపడును. ఈ మాటను జ్ఞాపకముంచుకొని తక్కిన సంగతులు వినగోరెదము.

ఇంటింటికి పోయి అడిగిన అనుమతి

దారి మూతపడిన పిదప పట్టాలు తీసిరి. కట్ట క్రింది నేల క్రమముగ ప్రక్క రైతుల కమతములలో కలిసిపోయెను. ఎవరి దొడ్డివద్ద ముక్కను వారు వాడుకొనిరి. కొందఱు కంచె వేసిరి, కొందఱు గొఱ్ఱెలను తోలిరి. మిగిలినచోట్ల ముండ్లపొదలు పెరిగినవి. ఇట్లు డెబ్బది యేండ్లు గడచినవి.

ఆ కట్టపై సైకిలు బాట వేయదలచిన కౌంటీ కౌన్సిలు ఎదుట రెండు మార్గములుండెను. ఒకటి, చట్టబలముతో నేలను సేకరించుట. రెండవది, రైతులను అడుగుట. కౌన్సిలువారు రెండవ మార్గమును పట్టిరి. బాట పొడవునను నూటయేబదిమందికి పైగా భూస్వాములుండిరి. అందఱివద్దకు పోయి మాటలాడి ఒప్పించిరి. ఒప్పందములోని ముఖ్యాంశములు ఇవి: నేల రైతుదే, హక్కు మారదు. ప్రజలు అతని అనుమతితో నడచుచున్నారు, అంతియే. బాట బాగోగులు, కంచెలు, గేట్లు కౌన్సిలు చూచుకొనును. బాటమీద ఎవరైన పడి దెబ్బతిన్నచో ఆ బాధ్యత రైతుపై పడకుండ కౌన్సిలు వహించును. రైతు తన పశువులను, బండిని బాట కడ్డముగా తోలుకొనుటకు దారియుండును.

చూచితిరా! రైతు భయములు మూడే. నేల పోవునేమో, గొఱ్ఱె తప్పిపోవునేమో, కోర్టు పాలగుదునేమో. మూడింటికిని కాగితముమీద సమాధానము చెప్పినందున ఒప్పుదల దొరికినది. ఒప్పని చోట్ల బాట పాత కట్టను విడిచి ప్రక్కకు మళ్ళినది.

ఇంకొక మెలకువ కూడ కలదు. మొత్తము దారిని ఒక్కసారి ఎత్తుకొనలేదు. ముందు న్యూపోర్టునుండి మల్రానీ వరకు గల 18 కిలోమీటర్ల ముక్కను 2010లో తెఱచిరి. దానిమీద జనులు పోవుట, చిన్న దుకాణములు నడచుట కన్నులార చూచిన పిమ్మట తక్కినవారిని ఒప్పించుట తేలికయైనది. వెస్ట్‌పోర్టువైపు 11 కిలోమీటర్లు, అకిల్‌వైపు 13 కిలోమీటర్లు చేర్చి 2011లో బాటను పూర్తిచేసిరి.

ఒప్పుదల లేనిచోట

అన్నిచోట్లను ఇట్లే జరిగినదని మీరు తలపకుందురుగాక. అదే దేశమున దక్షిణముగ కెర్రీ కౌంటీలో గ్లెన్‌బే నుండి కాహర్‌సివీన్ దాక సముద్రపు టొడ్డునే ఇంకొక రైలు కట్ట యున్నది. అది 1960లో మూతపడినది. దృశ్యము అంతకన్న రమణీయము. కాని అచ్చట కొందఱు భూస్వాములు ఒప్పలేదు. కౌన్సిలు 2018లో నిర్బంధ భూసేకరణకు దరఖాస్తు పెట్టెను. విచారణలు జరిగి 2020 నవంబరులో అనుమతి వచ్చెను. పిదప వ్యవహారము న్యాయస్థానమునకు ఎక్కెను. బాట వలన మేలు కలుగునన్నవారును, మా పొలము రెండు ముక్కలగునన్నవారును ఒకే ఊరివారు, ఒకే దేవాలయమునకు పోవువారు.

న్యాయము పూర్తిగ ఒక వైపుననే యున్నదని మేము చెప్పజాలము. అనుమతిమీద వేసిన బాటకును ఒక బలహీనత కలదు. ఇచ్చినవాడు అనుమతిని తిరిగి తీసికొనవచ్చును. తండ్రి ఒప్పినదానిని కుమారుడు ఒప్పకపోవచ్చును. ఒక్క గేటు మూసినచో దారి రెండుగా తెగును. ఇందుచేతనే ఐర్లండువారు 2021 డిసెంబరులో ఇట్టి బాటలకు ఒక నియమావళి ప్రకటించిరి. దారి నిర్ణయించుటకు ముందే భూస్వాములతో సంప్రదింపవలెననియు, వీలైనంతవరకు వారి సమ్మతితోనే నేలను కొనవలెననియు దాని సారాంశము. నిర్బంధమునకు కాలము పట్టును, అనుమతికి నిలకడ తక్కువ. ఈ రెంటి నడుమ దారి వెదకుటయే పాలకుల నేర్పు.

ఊరిలో దిగిన సంపద

ఇక ఫలితముల మాట. ఆ సీమలో పడమటి గాలి బలముగ వీచును. కనుక అనుభవజ్ఞులు అద్దె సైకిలుతో సహా వ్యానులో అకిల్ వరకు పోయి, గాలిని వెన్నున బెట్టుకొని వెస్ట్‌పోర్టువైపు త్రొక్కుకొని వత్తురు. అలసినవారు నడుమ గ్రామమున దిగిపోవుటకు వీలున్నది. ఇందువలన సైకిళ్లు అద్దెకిచ్చువారికి, బాగుచేయువారికి, వ్యాను తోలువారికి పని దొరికినది. సైకిలుమీద పోవువాడు కారువానివలె ఊరు దాటి దూసుకొనిపోడు. గంటకొకసారి ఆగును, ఆకలి గొనును, రాత్రికి పండుకొనుటకు చోటడుగును. అతని జేబులోని డబ్బు దారి పొడవునను కొంచెము కొంచెముగ రాలుచు పోవును. స్థానికముగ జున్ను, చేపలు, మాంసము, రొట్టెలు తయారుచేయువారు ఒకటిగ చేరి, బాట పేరుతోనే తమ సరకులకు పేరు తెచ్చుకొనిరి. 2011లో జరిపిన ఒక పరిశీలన ప్రకారము బాట వలన 38 మందికి సరిపడు కొత్త పూర్తికాలపు ఉద్యోగములు ఏర్పడినవి, 56 పాత ఉద్యోగములు నిలిచినవి. అదే సంవత్సరము మల్రానీ గ్రామమునకు ఐరోపా వారి ఉత్తమ యాత్రాస్థల పురస్కారము లభించెను.

ఈ సంఖ్యలు పెద్దవి కావని మీకు తోచవచ్చును. పట్టణమునకు తొంబదినాలుగు ఉద్యోగములు లెక్కలోనివి కావు. కాని ఒకప్పుడు దుంపలు త్రవ్వుటకు పిల్లలను పరదేశము పంపిన పల్లెలకు అవి తొంబదినాలుగు ఇండ్లు.

ఈ మేలు చూచి తక్కిన ప్రాంతములవారును పూనుకొనిరి. వాటర్‌ఫర్డునుండి డంగార్వన్ వరకు 46 కిలోమీటర్ల బాట 2017 మార్చిలో తెఱవబడినది. పదకొండు వంతెనలు, మూడు ఎత్తైన కమాను వంతెనలు, 400 మీటర్ల సొరంగము దాటి ఆ బాట కొమెరా కొండల అడుగున సాగి సముద్రమును చేరును.

అయితే కొన్ని హెచ్చరికలు చేయుట మా ధర్మము. యాత్రికుల రాకడ ఋతువునుబట్టి యుండును. చలికాలమున దుకాణములు మూతపడును. జనులు పెరిగినకొలది బాట అరుగును, కంచె విఱుగును, చెత్త పేరుకొనును. బాట తెఱచిన దినమున ఫొటోలకు అందఱు వత్తురు. ఐదేండ్లకు గుంట పూడ్చువాడు ఎవరన్న ప్రశ్నకు జవాబు ఒప్పందమున ముందే లేనిచో బాట మరల ముండ్లపొద యగును.

మన పుంతలు, మన డొంకలు

మన తెలుగునాట మూతపడిన రైలు కట్టలు విస్తారముగ లేవు. ఒక ఉదాహరణము మాత్రము చెప్పెదము. కాకినాడ – కోటిపల్లి రైలు దారి పట్టాలను యుద్ధకాలమున 1940లో తీసిరి. 2004లో ఆ దారిని తిరిగి నిర్మించిరి. అనగా ఒక దారి అరువదేండ్లకు పైబడి నిద్రించి మరల లేవవచ్చును. అందుచే వాడుక లేని దారి అక్కఱకురాని దారి యని ఎన్నడును తలపరాదు.

మనకున్న ఆస్తి వేరు. గోదావరి మండలమున పుంతలున్నవి. తక్కిన చోట్ల డొంకలు, బండిబాటలు ఉన్నవి. ఊరికిని ఊరికిని నడుమ, ఊరినుండి చేలకు, చెఱువునకు, శ్మశానమునకు పోవు ఈ దారులు గ్రామ పటములలో గీయబడియున్నవి. పటములో ఉన్న వెడల్పు నేలమీద ఎంత మిగిలినదో మీకు మాకంటె బాగుగ తెలియును. ప్రతి యేడు ఒక చాలు నాగలి లోపలికి జరుగును. పదేండ్లకు బండి పోవుదారి మనిషి పోవుదారి యగును. ఇరువదేండ్లకు గట్టు మాత్రమే మిగులును. మేయోలో రైతుల ఒప్పుదల అడుగవలసివచ్చినది ఏల? నేల వారిదైనందువలన. మన పుంత ఊరందఱిది. ఇచ్చట అడుగవలసినది అనుమతి కాదు, కొలత.

రాజ్యాంగపు 73వ సవరణతో చేరిన పదునొకండవ షెడ్యూలులో రోడ్లు, కల్వర్టులు, వంతెనలు, రేవులు, జలమార్గములు ఒక అంశము. ఉమ్మడి ఆస్తుల సంరక్షణము ఇంకొక అంశము. కాబట్టి ఈ విషయమున పంచాయతీ ప్రేక్షకురాలు కాదు. అయితే కాలువగట్లు నీటిపారుదల శాఖవి, రైలు ప్రక్క నేల రైల్వేవారిది, అడవిలోని బాట అటవీ శాఖది. వారి అనుమతి లేక పారపెట్టుట తగదు.

మీ పంచాయతీ చేయదగిన పనులను క్రమముగ చెప్పెదము.

మొదట, గ్రామ పటము నెదుట బెట్టుకొని పుంతలు, డొంకల పట్టిక వ్రాసి గ్రామసభలో చదువవలెను. రెండవది, సర్వేయరును పిలిపించి కొలిపింపవలెను. ఆక్రమించినవాడు సర్పంచిగారి బంధువైనను కొలత ఒకటిగనే యుండవలెను. అట్లు కాదేని పని అచ్చటనే ఆగిపోవును. మూడవది, పొరుగు పంచాయతీతో కలిసి కూర్చుండవలెను. ఊరి పొలిమేరవద్ద తెగిపోవు బాట ఎవరికిని బాట కాదు. నాలుగవది, ముందు ఒక చిన్న ముక్కను ఎత్తుకొనవలెను. బడివైపు పోవు దారియైనచో మిక్కిలి మేలు. లారీల నడుమ సైకిలు త్రొక్కుటకు భయపడి పిల్లను బడి మాన్పించిన తల్లిదండ్రులు మీ ఊరిలో ఎందఱున్నారో లెక్క వేసినచో, ఆ ముక్క యేదో దానంతటదియే తేలును. ఐదవది, మరమ్మతు ఎవరిది, ఖర్చు ఏ పద్దుదన్న సంగతి తీర్మానములోనే వ్రాయవలెను.

ఎద్దుబండిని, పశువులను తోలుకొనిపోవు రైతును వెడలగొట్టి యాత్రికులకు బాట వేయుట మాత్రము ఎన్నటికిని కూడదు. పుంత పుట్టినదే అతనికొఱకు. మన ఎండలు ఐర్లండు ఎండలు కావు. నీడ లేని బాటపై చైత్ర వైశాఖములలో ఎవరును పోరు. కనుక కంకర పఱచుటకు ముందే వేప, కానుగ, నేరేడు మొక్కలు నాటి, వాటికి నీరు పోయు బాధ్యతను పేరుపేరున అప్పగింపవలెను. తీరగ్రామములలో తాటిచెట్లను కొట్టకుండ కాపాడిన చాలును.

సముద్రమును కొండను ఒకేచోట చూపగల సీమలు మనకును కలవు. భీమునిపట్టణపు తీరము ఒక ఉదాహరణము. దూరప్రాంతములనుండి సైకిలు యాత్రికులు వత్తురా, రారా యన్నది తరువాతి మాట. వచ్చినను రాకపోయినను, సాయంకాలము బడినుండి బాలిక నిర్భయముగ సైకిలుపై ఇల్లు చేరినచో, చేలోని గడ్డిమోపు వానలోను బురద త్రొక్కక దొడ్డి చేరినచో, ఆ బాట తన ఖర్చును తీర్చుకొన్నట్లే. పరులకు చూపుటకై వేసిన బాట పరులు రానినాడు పాడుపడును. మనము నడచుటకై వేసికొన్న బాటపై పరులును సంతోషముగ నడతురు.

రాబోవు గ్రామసభ కార్యక్రమ పట్టికలో పుంతలు, డొంకల కొలత యను ఒక్క అంశమును చేర్పింపుడని కోరుచున్నాము.